లెవ్ లాండౌ

చైత్ర పూర్ణిమ రాత్రి మన బెంగళూరున కరగము వెడలుటను విద్యార్థులు చూచియుందురు. కరగమును శిరమున దాల్చినవాడు ఒంటరిగా నడువడు. కత్తులు పట్టిన వీరకుమారులు చుట్టును గూడి అతనితో కదలుదురు. పరమాణువుల గుంపున చొచ్చిన పరాయి కణము నడకయు ఇట్టిదే. ఈ ఊహకు ఆద్యుడైన లెవ్ లాండౌ చరిత్రమును మేమిచట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఆయన 1908 జనవరి 22న బాకూ నగరమున జన్మించెను. తండ్రి చమురు ఇంజనీరు, తల్లి వైద్యురాలు. పందొమ్మిదవ యేట లెనిన్‌గ్రాడులో పట్టము పొంది, పిదప డెన్మార్కున నీల్స్ బోర్ కడ విద్య నేర్చెను. స్ఫటికములోని ఎలక్ట్రాను చుట్టునున్న పరమాణువులను చెదరించి, తాను చేసిన గుంటలో తానే చిక్కుకొనవచ్చునని 1933లో ఒక చిన్న వ్యాసమున సూచించెను. పరివారముతో కూడిన అట్టి కణమునకు సోలమన్ పెకార్ 1946లో పోలరాను అని పేరిడెను. ఆ పరివారము వలన కణమెంత బరువెక్కునో 1948లో ఇరువురును కలిసి లెక్కించిరి.

ఈ నడుమ 1938 ఏప్రిల్‌లో లాండౌ చెరసాల పాలయ్యెను. స్టాలిన్ పాలనలో ఖైదీ పక్షమున నోరెత్తుటయే ప్రాణాపాయము. అయినను ఆయన పనిచేయు సంస్థకు అధిపతియైన ప్యోతర్ కపిత్సా పాలకులకు లేఖలు వ్రాసి, తానే పూచీపడి, ఏడాదికి విడిపించెను. కపిత్సా కనుగొనిన వింత, అనగా ద్రవ హీలియము ఘర్షణ లేక పారుట, ఎట్లు కలుగునో లాండౌ 1941లో వివరించెను. ఋణము తీరెనని మా తలంపు. ఒక హద్దుకు లోబడిన వేగముతో పోవు వస్తువును ఆ ద్రవము అడ్డగింపదు. హద్దు మీరినచో అందు కదలికలు పుట్టి వేగమును హరించును.

ఆయన శిష్యులకు పెట్టిన పరీక్షలో దాదాపు మూడు దశాబ్దములలో నెగ్గినవారు 43 మందియే. మా పరీక్షలు కఠినమనువారు దీనిని గమనింతురు గాక!

1962 జనవరి 7న కారు ప్రమాదమున తీవ్రముగా గాయపడెను. ఆ యేటి నోబెల్ బహుమానము ఆసుపత్రిలోనే అందెను. మరల పరిశోధన చేయజాలక 1968 ఏప్రిల్ 1న మరణించెను.

మన సత్యేంద్రనాథ బోసు పేరు వహించిన అతిశీతల వాయువున, మంచుకంటె 273 డిగ్రీలు దిగువన, ఆయన ఊహలు తరువాత పరీక్షకు నిలిచినవి. వేగపు హద్దును 2000లో అమెరికాలో సోడియము వాయువున చూచిరి. 2016లో రుబిడియము వాయువున కొలది పొటాసియము పరమాణువులను చేర్చి, పరివారముతో నున్న కణమును గుర్తించిరి. మేఖ్రీ కూడలి చేరువనున్న రామన్ పరిశోధన సంస్థలోను సోడియము, పొటాసియము పరమాణువులను లేజరు కాంతితో చల్లార్చి, కలిపి పరిశీలించుచున్నారు.