ఇంటి పాఠాల నుంచి పుట్టిన నవల

ఉర్దూలో మొదటి నవలగా చాలామంది లెక్కించే 'మిరాతుల్ ఉరూస్' అచ్చు కోసం రాసిన పుస్తకం కాదు. ఒక తండ్రి తన కూతురికి ఇంట్లో చదువు చెప్పుకుంటూ, ఆమెకు తగిన పుస్తకం దొరకక, తానే కొన్ని కొన్ని పుటలుగా రాసి ఇచ్చిన పాఠం అది. ఆ తండ్రి పేరు మౌల్వీ నజీర్ అహ్మద్. డిప్యూటీ కలెక్టరుగా పనిచేసినందువల్ల లోకం ఆయన్ను డిప్యూటీ నజీర్ అహ్మద్ అని పిలిచింది. మన హైదరాబాద్‌లో కూడా ఆయన ఏడేళ్లు కొలువు చేశారు. పిల్లవాడికి మూడేళ్లు నిండకముందే ఏ బడిలో సీటు దొరుకుతుందా అని తల్లిదండ్రులు నిద్ర మానుకుంటున్న ఈ రోజుల్లో, ఆయన జీవితం మన కుటుంబాలు తెలుసుకోదగినదని మేము భావిస్తున్నాము.

నజీర్ అహ్మద్ 1830ల్లో నేటి ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్ జిల్లాలో పుట్టారు. తండ్రి సఆదత్ అలీ సాహెబ్ బీదవారు, ఉపాధ్యాయులు. కొడుక్కి తొలి అక్షరాలు, ఫార్సీ, కొంత అరబీ ఆయనే ఇంట్లో నేర్పారు. అంటే ఇంటి చదువు అన్నది నజీర్ అహ్మద్‌కు ఎక్కడో విని తెచ్చుకున్న సంగతి కాదు, తాను అందులోనే పెరిగారు. అయితే ఆ కాలపు పద్ధతి వేరు. పిల్లవాడికి అర్థమైందా లేదా అని అడిగేవారు తక్కువ. అప్పజెప్పాడా లేదా అన్నదే లెక్క.

తర్వాత తండ్రి ఆయన్ను ఢిల్లీ తీసుకువెళ్లి ఔరంగాబాదీ మసీదులో మౌల్వీ అబ్దుల్ ఖాలిఖ్ సాహెబ్ దగ్గర వదిలారు. మసీదులో చదువుకునే పిల్లలు చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి రొట్టెలు అడిగి తెచ్చుకుని తినాలి. ఉస్తాద్ ఇంట్లో ఒక చిన్న మనవరాలు ఉండేదట. మసాలా నూరిపెడితేగాని ఈ పిల్లవాడికి రొట్టె ఇచ్చేది కాదు. చెయ్యి ఆగిందంటే ఆ చేతి మీదే పొత్రంతో ఒక దెబ్బ వేసేది. పెద్దయ్యాక ఆ అమ్మాయినే నజీర్ అహ్మద్ పెళ్లాడారు. ఈ సంగతి ఆయన ముసలితనంలో నవ్వుతూ చెప్పుకునేవారు. కాని ఆకలితో చదువుకున్న పిల్లవాడి మనసులో ఏమి మిగులుతుందో మా వంటి మద్రసా వాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు.

1840ల్లో ఢిల్లీ కాలేజీలో చోటు దొరికింది. అరబీ, గణితం, తత్వశాస్త్రం చదివారు. ఇంగ్లీషు మాత్రం చదవలేదు. కొడుకు బిచ్చమెత్తుకున్నా సరేగాని ఇంగ్లీషు చదవడం తనకు సమ్మతం కాదని తండ్రి తేల్చి చెప్పారట. ఆ లోటును నజీర్ అహ్మద్ ఉద్యోగంలో చేరిన తర్వాత అలహాబాద్‌లో సొంతంగా కష్టపడి పూడ్చుకున్నారు. ఎంతగా పూడ్చుకున్నారంటే, ఇండియన్ పీనల్ కోడ్‌ను ఉర్దూలోకి తెచ్చిన వారిలో ఆయన ముఖ్యులయ్యారు. మన పెద్దలు ఇప్పటికీ వాడే 'తాజీరాతె హింద్' అన్న పేరు ఆ అనువాదానిదే. ఆ పని మీదే 1863లో డిప్యూటీ కలెక్టర్ పదవి వచ్చింది.

ఇక అసలు సంగతికి వద్దాము. డిప్యూటీగారికి కూతుళ్లు, బషీరుద్దీన్ అనే కొడుకు. ఉద్యోగం ఊరూరా తిప్పేది. పిల్లలకు చదువు వయసు వచ్చింది. ఆ రోజుల్లో షరీఫుల ఇళ్లలో ఆడపిల్లకు ఖుర్ఆన్ నాజిరా, దాని వెనుక దీన్ మసాయిల్ చెప్పే ఒకటి రెండు ఉర్దూ కితాబులు, అంతటితో చదువు ముగిసేది. ఆయన కూడా అలాగే మొదలుపెట్టారు. కొన్నాళ్లకు ఒకటి గమనించారు. పిల్లలు చదువుతున్నారు గాని, వారి ముఖాల్లో కళ లేదు. పుస్తకంలో ఉన్నది మంచి విషయమే, కాని పెద్దవాళ్ల బుద్ధికి రాసినది. పిల్ల మనసు అందులో నిలవడం లేదు. చాలామంది తండ్రులు ఇక్కడ పిల్లను కోప్పడతారు. ఆయన పుస్తకాన్ని తప్పుపట్టారు.

అలాంటి పుస్తకం కోసం వెతికారు. దొరకలేదు. అప్పుడు తానే కలం పట్టారు. పెద్దమ్మాయికి 'మిరాతుల్ ఉరూస్', చిన్నమ్మాయికి చిన్న చిన్న కథల 'ముంతఖబుల్ హికాయాత్', బషీర్‌కు హితవుల పుస్తకం 'చంద్ పంద్'. ముగ్గురికి ఒకే పుస్తకం ఇవ్వలేదు చూడండి. ఎవరి వయసుకు తగినది వారికి. పుస్తకం మొత్తం ఒక్కసారి రాసి చేతిలో పెట్టలేదు కూడా. కొన్ని పుటలు రాసి ఇచ్చేవారు. అవి అయిపోగానే పిల్లలు వచ్చి తర్వాతి పాఠం ఏదని అడిగేవారు. ఒకరి పాఠం ముందుకుపోతే మరొకరికి ఉక్రోషం. కచేరీ పనితో తలమునకలైన తండ్రి, ఇంట్లో ఈ తగాదా తీర్చడానికి మళ్లీ కలం తీయవలసి వచ్చేది. చేతిరాత కుదరడానికి 'రస్ముల్ ఖత్' అని విడిగా ఒక చిన్న పుస్తకం చేశారు. చదవడం ఒక విద్య, రాయడం మరొక విద్య, రెంటినీ ఒకే రోజు పిల్లల నెత్తిన వేయనక్కరలేదన్న ఎరుక అందులో మాకు కనిపిస్తుంది.

మిరాతుల్ ఉరూస్ ఇంట్లో ఆగలేదు. చుట్టుపక్కల ఇళ్ల ఆడవాళ్లు చదివించుకుని విన్నారు. అచ్చుకు ఎలా వెళ్లిందన్నది కూడా ఒక పిల్లవాడి కథే. ఉత్తరాది పరగణాల విద్యాశాఖ డైరెక్టర్ కెంప్సన్ దొర పర్యటనకు వచ్చినప్పుడు బషీర్ ఎదురుపడ్డాడు. ఏమి చదువుతున్నావని దొర అడిగితే చంద్ పంద్ అన్నాడు. ఆ పేరుతో పుస్తకం ఉన్నట్టు విద్యాశాఖ పెద్దకే తెలియదు. పిల్లవాడు పరుగెత్తుకుంటూ పోయి తెచ్చి చూపించాడు. అక్కయ్యల పుస్తకాలు ఇంతకన్నా బాగుంటాయని చెప్పి అవి కూడా తెచ్చి ఇచ్చాడు. దొర వాటిని తీసుకుపోయి చదివారు. దేశభాషల్లో ఉపయోగపడే పుస్తకాలకు బహుమతులు ఇస్తామని ప్రభుత్వం 1868లోనే ప్రకటించి ఉంది. మిరాతుల్ ఉరూస్‌కు 1000 రూపాయల బహుమతి వచ్చింది. లెఫ్టినెంట్ గవర్నర్ విలియం మ్యూర్ తన తరఫున ఒక గడియారం ఇచ్చారు. ప్రభుత్వం 2000 ప్రతులు కొన్నది. 1869లో పుస్తకం వెలువడింది.

అందులో అక్బరీ, అస్గరీ అని ఇద్దరు అక్కచెల్లెళ్లు. అక్క గారాబంగా, పని రాకుండా పెరిగింది. చెల్లెలు చదువు, పని నేర్చుకుని అత్తింటిని నిలబెట్టింది. ఈ కథ చాలామందికి తెలుసు. మేము చెప్పదలచుకున్నది అస్గరీ నడిపిన మక్తబ్ గురించి. ఒక సంపన్నుల ఇంటివారు తమ కూతురు హుస్నారాకు చదువు చెప్పమని అడిగితే ఆమె జీతం తీసుకోలేదు, పిల్లను తన ఇంటికే రప్పించుకుంది. మెల్లగా వీధి పిల్లలందరూ చేరారు. అక్కడ పుస్తకం ఉంది, కుట్టుపని ఉంది, చిన్న చిన్న కుండలతో నిజమైన వంట ఉంది, బొమ్మల పెళ్లి ఉంది. బొమ్మ పెళ్లికి ఎంత ఖర్చవుతుందో లెక్క వేస్తే కూడికలు వస్తాయి. వంటకు ఉప్పెంత, పప్పెంత అంటే కొలతలు వస్తాయి. దీని తర్వాత వచ్చిన 'బనాతున్ నాష్'లో హుస్నారా అదే మక్తబ్‌లో భూమి గుండ్రంగా ఉండడం, వస్తువు కింద పడడం వంటివన్నీ మాటల్లోనే నేర్చుకుంటుంది. మరియా మాంటిస్సోరి పుట్టినది 1870లో. అంటే ఆమె పుట్టకముందే మన ఇళ్లలో ఒక మౌల్వీసాబ్ ఆట వస్తువులతో పాఠం చెప్పించాడు. ఈ మాట అతిశయానికి అనడం లేదు. పద్ధతి పరాయిదని జంకే తల్లులకు ధైర్యం కోసం అంటున్నాము.

భాష సంగతి ఇంకా ముఖ్యం. అప్పట్లో పండితులు రాసే ఉర్దూ ఫార్సీ బరువుతో వంగిపోయి ఉండేది. నజీర్ అహ్మద్ ఢిల్లీ ఆడవాళ్లు ఇంట్లో మాట్లాడుకునే భాషలో రాశారు. అమ్మ నోట విన్న మాటే పుస్తకంలో కనిపిస్తే పిల్లకు సగం చదువు వచ్చినట్టే. మేము పాఠాలు చెప్పే షేక్‌పేటలో, కుతుబ్‌షాహీల నాటి సరాయి చుట్టుపక్కల, ఎన్నో జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన ముస్లిం కుటుంబాలు ఉన్నాయి. పైన కొండ మీద జూబ్లీహిల్స్, ఫిలింనగర్ వెలుగులు. ఆ స్టూడియోలకు, ఆ బంగళాలకు పనికి వెళ్లే డ్రైవర్లు, దర్జీలు, వంటవాళ్లు కింద ఉంటారు. వారి పిల్లవాడు ఇంట్లో దక్కనీ మాట్లాడతాడు, వీధిలో తెలుగు, మసీదులో అరబీ ఖాయిదా, బడిలో ఇంగ్లీషు. నాలుగేళ్ల పసివాడికి నాలుగు భాషలు! ఇందులో మొదట ఏది అని తల్లులు అడుగుతుంటారు. తెలుగు మీడియంలో చదువుకున్న తల్లులైతే తమకు ఉర్దూ చదవడం రాదని, ఇంగ్లీషు అసలే రాదని, బిడ్డకు తాము ఏమీ నేర్పలేమని సిగ్గుపడతారు. అమ్మీకి ఏ అక్షరాలు వస్తే వాటితోనే మొదలుపెట్టమని మా జవాబు. పాల ప్యాకెట్ మీది తెలుగు అక్షరాలైనా సరే, బస్సు మీది నంబరైనా సరే. అక్షరం ఒక శబ్దానికి గుర్తు అన్న సంగతి ఒక లిపిలో తెలిసిన పిల్లకు రెండవ లిపి అంత భారం కాదు. ఖాయిదా మేము చెబుతాము, అది మా పని.

నాలుగు సంవత్సరాల నాలుగు నెలల నాలుగు రోజులకు బిస్మిల్లా చేయించే ఆచారం మన ఇళ్లలో ఉంది. పూలదండ, మిఠాయి, బంధువులు, ఈ మధ్య ఫోటోలు, వీడియోలు. మరునాడు ఆ పిల్ల పక్కన ఎవరు కూర్చున్నారన్నది మాత్రం అడగకూడదు.

ఆలస్యమైతే ఏమవుతుందన్నది నజీర్ అహ్మద్ 1874లో వచ్చిన 'తౌబతున్ నసూహ్'లో చూపించారు. నసూహ్‌కు కలరా వస్తుంది. జబ్బులో ఒక కల కంటాడు. ఇన్నేళ్లూ పిల్లలను గాలికి వదిలేశానన్న భయంతో లేచి, ఇంటిని దిద్దడానికి పూనుకుంటాడు. చిన్నపిల్లలు త్వరగా దారికి వస్తారు. పెద్ద కొడుకు కలీం మాత్రం లొంగడు, ఇల్లు వదిలిపోయి చివరికి గాయాలతో ప్రాణం కోల్పోతాడు. ఆ కోపంలో తండ్రి కలీం పుస్తకాలను తగలబెట్టించే ఘట్టం ఒకటి ఉంది. అది మాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. పుస్తకాన్ని కాల్చి పిల్లవాణ్ణి గెలుచుకున్న తండ్రిని మేము చూడలేదు, ఆ నవలలో నసూహ్ కూడా గెలవలేదు. విధి చూడండి, తర్వాతి కాలంలో నజీర్ అహ్మద్ రాసిన 'ఉమ్మహాతుల్ ఉమ్మా' ప్రతులను అందులోని భాష నచ్చనివారు మంటల్లో వేశారు.

1877లో సాలార్ జంగ్ పిలుపు మీద ఆయన హైదరాబాద్ వచ్చి రెవెన్యూ శాఖలో పెద్ద పదవులు నిర్వహించారు. నలభై దాటిన వయసులో, ఆ పనుల మధ్య, ఇక్కడే ఖుర్ఆన్ హిఫ్జ్ చేశారు. పిల్లలను చదువుకోమని అరుస్తూ తాము మాత్రం టీవీ ముందు కూర్చునే పెద్దలు ఇది గుర్తుంచుకుంటే బాగుండును. 1883లో సాలార్ జంగ్ మరణించాక దర్బారు రాజకీయాలు ఇముడనివ్వలేదు. 1884లో ఢిల్లీ వెళ్లిపోయారు.

దూరంగా ఉన్న రోజుల్లో కూడా ఆయన కొడుకు చదువును మరొకరికి అప్పగించి ఊరుకోలేదు. ఉత్తరాలు రాసేవారు. ఏమి చదవాలి, ఎలా చదవాలి, డబ్బు ఎలా వాడుకోవాలి, అన్నీ ఉత్తరాల్లోనే. అవి 1887లో 'మౌఇజా హసనా' పేరుతో అచ్చయ్యాయి. గల్ఫ్‌లో ఉండి నెలనెలా డబ్బు పంపే అబ్బాలు మన వీధుల్లో ఎందరో ఉన్నారు. ఫోన్‌లో పిల్లవాడి మార్కులు అడగడం ఒకటి, ఈ రోజు ఏమి చదివావో ఒక పుట నాకు వినిపించు అనడం మరొకటి. బషీరుద్దీన్ అహ్మద్ పెద్దవాడై హైదరాబాద్ సంస్థానంలోనే ఉద్యోగం చేశారు. ఢిల్లీ చరిత్రను సంపుటాలుగా రాశారు. ఆయన కొడుకు షాహిద్ అహ్మద్ దెహల్వీ 1930లో 'సాఖీ' పత్రిక పెట్టారు. మూడు తరాలకు కలం అందింది.

ఆయన మాటలన్నీ మాకు సమ్మతమేనని కాదు. ఆడపిల్ల చదువు ఇంటిని చక్కబెట్టుకోవడం దగ్గరే ఆగాలన్నట్టు ఆయన నవలలు నడుస్తాయి. అస్గరీ ఎంత తెలివైనదైనా ఆ తెలివంతా ఇంటి గడప లోపలే ఖర్చవుతుంది. ఈనాడు మన ఆడపిల్లలు డాక్టర్లు, ఇంజినీర్లు అవుతున్నారు. అయితే 1869లో ఆడపిల్ల చేతికి కలం ఇవ్వడమే తప్పని వాదించేవారు ఉన్నారు, వారి మధ్య నిలబడి ఆయన ఈ పని చేశారు. తన సొంత కూతురితో మొదలుపెట్టి చేశారు.

1897లో ప్రభుత్వం శంసుల్ ఉలమా బిరుదు ఇచ్చింది. 1902లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం డాక్టర్ పట్టం ఇచ్చింది. ఖుర్ఆన్‌ను ఉర్దూలోకి అనువదించారు. ఇంత పేరు వచ్చాక కూడా ఇంట్లో పాఠం చెప్పే అలవాటు పోలేదు. ఢిల్లీలో కాలేజీ చదువుకుంటున్న ఇద్దరు కుర్రాళ్లు అరబీ కోసం ఆయన ఇంటి తలుపు తట్టారు. ముసలాయన లుంగీతో కూర్చుని, హుక్కా పీలుస్తూ, మధ్య మధ్య తన చిన్ననాటి మసాలా నూరుడు కథలు చెబుతూ వారికి పాఠం చెప్పేవారు. 1912 మే 3న నజీర్ అహ్మద్ మరణించారు. ఆ ఇద్దరిలో ఒకరైన మీర్జా ఫర్హతుల్లా బేగ్ తర్వాత హైదరాబాద్ వచ్చి ఉద్యోగంలో స్థిరపడ్డారు. ఉస్తాద్ గురించి ఆయన రాసిన జ్ఞాపకం 1927లో వెలువడింది. మసాలా నూరిన పిల్లవాడి కథ మనకు అందినది ఆ రచన ద్వారానే.