వీరేశలింగముపంతులుగారును వారి విద్యార్థులును

కందుకూరి వీరేశలింగముపంతులుగారి పేరు వినినతోడనే వితంతూద్వాహములు మనస్సునకు దోచును. ఆ మహాకార్యమునకు చేయూతనిచ్చిన యువకులను వారెట్లు తీర్చిదిద్దిరో విచారించువారు తక్కువ. ఆ విషయమునే మేమిచట కొంత చెప్పదలచితిమి.

పంతులుగారు 1848వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీని రాజమహేంద్రవరమున జన్మించిరి. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రిని గోల్పోయి పెదతండ్రిగారి సంరక్షణమున పెరిగిరి. ఉపాధ్యాయవృత్తి నవలంబించి, 1874లో వివేకవర్ధని పత్రికను స్థాపించి, ఆ యేటనే ధవళేశ్వరమున బాలికాపాఠశాలను దెరచిరి. పిమ్మట రాజమహేంద్రవర కళాశాలయందు ఆంధ్రపండితులై, 1878లో ప్రార్థనసమాజమును నెలకొల్పిరి.

1880లో వారు తమ విద్యార్థులచేత వ్యవహారధర్మబోధిని యను నాటకము నాడించిరి. వేషము గట్టుట గౌరవస్థుల బిడ్డలకు దగదని పెద్దలు తలచెడి కాలమది. ఆ నాటకము మా న్యాయవాదుల కపటములను, న్యాయస్థానములలోని లంచములను వెక్కిరించునది. వాడుకమాటలలో రచింపబడుటచే చదువురానివారికిని సులభముగా దెలియునది. మా వృత్తివారికి అది ములుకువలె నాటియుండును. అయినను అందలి నిందలన్నియు నిరాధారములని నేటికిని మేము చెప్పజాలము. పదిమంది యెదుట నిలిచి వెరపు లేక సత్యము పలుకుట ఆ బాలురకు రంగస్థలమున నభ్యాసమయ్యెను.

అయితే రంగమందలి ధైర్యము వేరు, వీధియందలి ధైర్యము వేరు. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని గోగులపాటి శ్రీరాములుగారికిని గౌరమ్మగారికిని ప్రథమ వితంతువివాహము జరిగినపుడు ఈ భేదము స్పష్టమయ్యెను. విద్యార్థులు పెండ్లివారికి కావలి గాచిరి. వంటవారును నీళ్లు మోయువారును రానొల్లకపోగా, పంతులుగారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరి నుండి నీరు దెచ్చి వంట చేసిరి. బహిష్కారభయముచే మిత్రులు కొందరు ప్రాయశ్చిత్తము చేసికొని తొలగిపోయిరి. తొలగినవారిని దూషించుట సులభము. కులమును, జీవనాధారమును, తల్లిదండ్రుల ప్రేమను ఒక్కమారుగా గోల్పోవలసిన బాలుని యవస్థ యెట్టిదో యెరిగినవారు మాత్రము వారిని దూషింపలేరు. నిలిచినవారు నిలుచుటకు గల కారణమొక్కటే యని మా యభిప్రాయము: పంతులుగారు తాము చేయని పనిని శిష్యులకు చెప్పలేదు, అపాయము వచ్చినప్పుడు వారి వెనుక గాక ముందు నిలిచిరి.

పురజనులు కూడి మాటలాడుకొనుటకు స్థానము వలయునని తలచి, వారు 1890లో రాజమహేంద్రవరమున పురమందిరమును గట్టించిరి. జీవితాంత్యదశలో హితకారిణీసమాజమును స్థాపించి తమ యాస్తిని దానికే సమర్పించిరి. 1919వ సంవత్సరము మే 27వ తేదీని చెన్నపట్టణమున పరమపదించిరి.

మన బాలురు పిరికివారని మనము తరచుగా మొరపెట్టుకొందుము. వారికి నోరు విప్పుటకొక వేదికను, చేయుటకొక పనిని, పక్కన నిలుచుటకొక పెద్దను మన మిచ్చితిమా? ఈ ప్రశ్నను మేము మొదట మాకే వేసికొనుచున్నాము. చదువరులును తమ హృదయములను ప్రశ్నించుకొందురుగాక. సర్వేశ్వరుడు మనకు ఆ ధైర్యము ననుగ్రహించుగాక.