బ్రౌన్ దొర పుస్తకాల కచేరీ

సి.పి. బ్రౌన్ అనగానే మనకి నిఘంటువు, వేమన పద్యాలు గుర్తుకొస్తాయి. పరీక్షల్లో కూడా అవే రాస్తాం. ఒక్క మనిషి, అదీ రోజంతా కంపెనీ ఉద్యోగం చేసుకునే మనిషి, ఇంత పని ఎలా చేయగలిగాడు అన్న సందేహం నాకు మొదటి ఏడాది నుంచీ ఉంది. ఆయన జీవితం చదివాక తెలిసిందేమిటంటే, ఆ పని ఆయన ఒక్కడే చేయలేదు. నలుగురి చేతా చేయించే పద్ధతి ఒకటి ఏర్పాటు చేశాడు. ఈ నెల గోడపత్రికకి ఆ సంగతే రాస్తున్నాను.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతబోధకుడు. 1812లో ఆయన చనిపోయాక కుటుంబం ఇంగ్లండు వెళ్లిపోయింది. అక్కడ హెయిలీబరీ కాలేజీలో చదువుకుని, కంపెనీ ఉద్యోగిగా 1817 ఆగస్టులో మద్రాసులో దిగాడు. అప్పటికి ఆయనకి తెలుగు రాదు. కొత్తగా వచ్చిన దొరలకి దేశభాషలు నేర్పడానికి 1812లో పెట్టిన ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీలో చేరాడు. నుంగంబాకంలో మనం బస్సు దిగే కాలేజ్ రోడ్డుకి ఆ పేరు వచ్చింది ఆ కాలేజీ వల్లే. అక్కడ వెలగపూడి కోదండరామ పంతులు గారి దగ్గర అక్షరాలు మొదలుపెట్టాడు.

1820లో కడపలో ఉద్యోగం. తర్వాత మచిలీపట్నం, రాజమండ్రి. తిరిగిన ప్రతిచోటా ఒకటే పరిస్థితి. కావ్యాలు ఉన్నాయి, కానీ ఎవరి ఇంట్లో ఏది ఉందో చెప్పేవాళ్లు లేరు. అన్నీ తాటాకుల మీదే. రాసుకున్నవాడు ఒక పాదం వదిలేస్తే, వాడి ప్రతి చూసి రాసినవాడు ఇంకో మాట మార్చేస్తాడు. పది ప్రతులు తెస్తే పది రకాలు. మిగిలినవాటికి చెదలు. విషయం ఉంది గానీ అది దొరకదు, దొరికినా నమ్మడానికి లేదు.

మచిలీపట్నంలో ఉండగా ఫ్రెంచి మతబోధకుడు డుబాయ్ రాసిన పుస్తకంలో వేమన ప్రస్తావన చూశాడు. వెంటనే ఊళ్లకి మనుషుల్ని పంపి వేమన పద్యాల ప్రతులు తెప్పించాడు. అవన్నీ పోల్చి చూసి 1829లో 693 పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. 1839లో వేసిన రెండో కూర్పులో అవి 1,164 అయ్యాయి.

కడపలో బంగళా కొన్నాక ఆ ఇల్లే ఒక కచేరీ అయింది. అక్కడ ఎవరి పని వాళ్లది. ఊరూరా తిరిగి తాటాకు ప్రతులు తెచ్చేవాళ్లు కొందరు. వాటిని కాగితం మీదికి ఎత్తే రాయసగాళ్లు కొందరు. ప్రతికీ ప్రతికీ తేడాలు గుర్తించి పాఠాంతరాలు రాసిపెట్టేవాళ్లు ఇంకొందరు. ఆ తర్వాత పండితులు కూర్చుని వ్యాకరణం, ఛందస్సు, అర్థం చూసి ఏ పాఠం సరైనదో వాదించుకుని తేల్చేవారు. టీకలు, పదాల పట్టికలు ఆ పైన. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైత బ్రహ్మశాస్త్రి లాంటి పండితులు ఈ పనిలో ఉన్నవాళ్లే. అందరికీ జీతాలు బ్రౌన్ సొంత డబ్బులోంచి ఇచ్చాడు, చాలనప్పుడు అప్పు చేశాడు.

1834లో ఉద్యోగం పోయి ఇంగ్లండు వెళ్లాడు. అక్కడా ఊరుకోలేదు. లండన్‌లో కంపెనీ వారి ఇండియా హౌస్ గ్రంథాలయంలో దక్షిణాది భాషల రాతప్రతులు 2,000కి పైగా ఎవరూ పట్టించుకోకుండా పడి ఉన్నాయి. అధికారులతో మాట్లాడి వాటిని మద్రాసుకి పంపించే ఏర్పాటు చేశాడు. చదవగలిగే మనుషులున్న చోట పుస్తకం ఉండాలన్నది ఆయన లెక్క అని నాకు అనిపిస్తుంది.

తిరిగి వచ్చాక మద్రాసులో పర్షియన్ అనువాదకుడుగా, తర్వాత పోస్ట్‌మాస్టర్ జనరల్‌గా పనిచేశాడు. తాను పోగుచేసిన ప్రతుల్ని మద్రాస్ లిటరరీ సొసైటీకి ఇచ్చేశాడు. అవి ఇప్పుడు మన ఊళ్లోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో వేపేరిలో అచ్చయింది. కోర్టుల్లో, కచేరీల్లో వాడే అన్యదేశ్యాలకి వేరే నిఘంటువు కూడా చేశాడు. పండితులు చిన్నచూపు చూసిన వాడుక మాటలకీ పుస్తకంలో చోటిచ్చాడు. ఉద్యోగం ముగిశాక లండన్ వెళ్లి, యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యుడై, 1884 డిసెంబరు 12న కన్నుమూశాడు.

ఆయన్ని దేవుణ్ణి చేయక్కర్లేదు. కంపెనీ పరిపాలనకి భాష కావాలి, ఆయన అందులో ఒక అధికారి. పండితులు జీతగాళ్లు, చివరి మాట దొరది. నిఘంటువు అట్ట మీద పేరు కూడా దొరదే. పండితుల పేర్లు కొన్ని మనకి తెలిశాయంటే, బ్రౌన్‌కి వచ్చిన ఉత్తరాలు కూడా దాచి ఉంచడం వల్లే. బంగోరె లాంటి పరిశోధకులు మద్రాసులో ఆ కట్టలు విప్పి చదివారు.

ఇది ఇప్పుడు ఎందుకంటే, ఈ రోజు మనమూ అదే పనిలో ఉన్నాం. పాత పుస్తకాలు స్కాన్ అవుతున్నాయి, పద్యాలు ఫోన్లో టైపు అవుతున్నాయి. తాటాకు నుంచి కాగితానికి, కాగితం నుంచి తెరకి వచ్చాం. కానీ సరిచూసే మనిషి లేకపోతే తప్పు కూడా అంతే వేగంగా వెళుతుంది. తాటాకు మీద తప్పు ఒక ఊరికి పోయేది, ఇప్పుడు అందరి చేతికీ వస్తుంది. యంత్రం కొనడానికి డబ్బు దొరుకుతోంది, ప్రతులు పోల్చి చూసేవాళ్లకి జీతం ఇవ్వడానికి దొరకడం లేదు. బ్రౌన్ ఆ జీతాల కోసమే అప్పు చేశాడు.

ఈసారి ఎవరైనా ఒక పద్యం టైపు చేసి గ్రూపులో పెడితే, ఏ ముద్రణ నుంచి తీసుకున్నారో, ఎవరు సరిచూశారో కింద ఒక్క వాక్యం రాయండి. మనవల్ల అయ్యే పని అది.