మనిషి లేని చోట నిజం చెప్పే యంత్రాలు – అన్నా మణి జీవితం

మన సంఘ సభ్యులలో రెవెన్యూ శాఖలో పనిచేసినవారు చాలామందే ఉన్నారు. తాలూకా కచేరీ ఆవరణలో ఒక మూల చిన్న కంచె, అందులో వర్షమాపకం, ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు దానిని చూసి రిజిస్టరులో అంకె వేయవలసిన గుమాస్తా – ఇవన్నీ వారికి గుర్తుండే ఉంటాయి. ఆ అంకె జిల్లా కేంద్రానికి, అక్కడినుంచి రాజధానికి వెళ్ళేది. కరువు ప్రకటన, శిస్తు మాఫీ, విత్తనాల సరఫరా వంటి నిర్ణయాలకు అదే ఆధారం. అయితే జోరువాన కురిసిన రోజున, వరుస సెలవులు వచ్చిన రోజున ఆ గడిలో అంకె ఎలా పుట్టేదో కూడా మనలో కొందరికి తెలియనిది కాదు. ఎవరూ చూడని చోట తీసిన కొలతను ఎంతవరకు నమ్మవచ్చు? ఈ ప్రశ్నకు సమాధానంగా తన జీవితమంతా ధారపోసిన ఒక ప్రభుత్వోద్యోగిని అన్నా మణి. మనలాగే సర్వీసు చేసి, మనలాగే రిటైరై, ఆ తర్వాత కూడా దాదాపు రెండు దశాబ్దాలు పనిచేసిన ఆమె గురించి మన కుటుంబాలలోని పిల్లలకు తెలియాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

బాల్యం, చదువు

అన్నా మణి 1918 ఆగస్టు 23న తిరువాన్కూరు సంస్థానంలోని పీర్మేడులో జన్మించారు. ఎనిమిదిమంది సంతానంలో ఆమె ఏడవవారు. తండ్రి సివిల్ ఇంజనీరు, ఏలకుల తోటలున్న సంపన్నులు. ఆ ఇంట్లో మగపిల్లలను పెద్ద ఉద్యోగాలకు, ఆడపిల్లలను పెళ్ళికి సిద్ధం చేయడం ఆనవాయితీ. ఈ పిల్ల మాత్రం పుస్తకాలకు అతుక్కుపోయింది. ఎనిమిదో పుట్టినరోజున ఇంటి సంప్రదాయం ప్రకారం వజ్రాల కమ్మలు ఇవ్వబోతే అవి వద్దని, ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా సంపుటాలు కావాలని అడిగింది. వైకోం సత్యాగ్రహ కాలంలో, 1925లో గాంధీజీ ఆ ప్రాంతానికి వచ్చారు. ఆ ప్రభావంతో ఆమె ఖద్దరు ధరించడం మొదలుపెట్టి, జీవితాంతం విడిచిపెట్టలేదు.

మద్రాసులో 1939లో ఆనర్సు పట్టా పుచ్చుకొని, 1940లో స్కాలర్‌షిప్ మీద బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సర్ సి.వి. రామన్ ప్రయోగశాలలో చేరారు. వజ్రాలు, కెంపులు కాంతికి ఎలా స్పందిస్తాయన్నది ఆమె పరిశోధన. ఆ పనిలో ఫోటో పలకపై గుర్తు పడటానికి ఒక్కొక్కసారి పదిహేను ఇరవై గంటలు ఆగవలసి వచ్చేది. రాత్రంతా ప్రయోగశాలలోనే గడిపేవారు. చిన్నప్పుడు వద్దన్న వజ్రాలు అలా ఆమె చేతికి వచ్చాయి, కాని చెవులకు పెట్టుకోవడానికి కాదు. 1942 నుంచి 1945 లోపు తన ఒక్క పేరుమీదనే అయిదు పరిశోధన పత్రాలు ప్రచురించారు. 1945లో మద్రాసు విశ్వవిద్యాలయానికి డాక్టరేటు కోసం సిద్ధాంత గ్రంథం సమర్పించారు. ఎం.ఎస్‌సి. పట్టా లేదన్న కారణంతో డాక్టరేటు నిరాకరించారు. నిబంధనలతో జీవితం గడిపిన మనకు ఇటువంటి ఫైళ్ళు కొత్తకాదు. కాని ఆ లోటును ఆమె ఏనాడూ పెద్ద విషయం చేసుకోలేదు.

అదే సంవత్సరం ప్రభుత్వ ఉపకార వేతనంపై సైనికులను తీసుకువెళ్ళే ఓడలో ఇంగ్లండు వెళ్ళారు. భౌతికశాస్త్రం చదవాలన్నది ఆమె కోరిక. దొరికిన అవకాశం మాత్రం వాతావరణ పరికరాల శిక్షణ. అనుకోకుండా వచ్చిన ఆ మలుపే మన దేశానికి మేలు చేసింది.

పూనాలో ఉద్యోగం

1948లో స్వతంత్ర భారతానికి తిరిగివచ్చి పూనాలోని వాతావరణ శాఖ పరికరాల విభాగంలో చేరారు. విభాగాధిపతి ఎస్.పి. వెంకటేశ్వరన్. ఉష్ణమాపకం వంటి సామాన్య పరికరానికి కూడా విదేశాల వైపు చూడనక్కరలేని రోజు రావాలన్నది ఆయన సంకల్పం. 1953 నాటికి ఆ విభాగం బాధ్యత అన్నా మణి చేతికి వచ్చింది. ఆమె కింద 121 మంది పురుషులు పనిచేసేవారు. ఆ రోజుల్లో ఒక మహిళ అంతమందికి పై అధికారిగా ఉండటం ఎంత అరుదో మన తరానికి వేరే చెప్పనక్కరలేదు. దాదాపు 100 రకాల వాతావరణ పరికరాలకు ప్రామాణికమైన డ్రాయింగులు తయారు చేయించి, వాటి ఉత్పత్తి ప్రారంభించారు. తప్పుడు కొలత ఉండటం కంటే అసలు కొలత లేకపోవడమే నయమని ఆమె నమ్మకం.

ఆనాటి వాతావరణ కేంద్రాలు చాలావరకు కరెంటు చూడని చోట్ల ఉండేవి. అందుకని పరికరాలే తమ శక్తిని తాము సమకూర్చుకొనేవి. ఎండ ఎంతసేపు కాసిందో నమోదు చేసే గాజుగోళం సూర్యకిరణాలను ఒకచోట చేర్చి అట్టముక్కపై కాలిన గీత గీస్తుంది. ఉష్ణోగ్రతను కాగితంపై గీసే యంత్రానికి గోడగడియారంలాగా కీ ఇస్తే చాలు. ఎండ తీవ్రతను కొలిచే పరికరంలో నల్లని పలక వేడెక్కి, ఆ వేడికి లోహాల అతుకుల వద్ద స్వల్పంగా విద్యుత్తు పుడుతుంది. ఆ విద్యుత్తే కొలత. బయటి కరెంటుతో పనిలేదు.

ఆకాశంలోకి పంపే పరికరం సంగతి వేరు. హైడ్రోజన్ బెలూనుకు కట్టి వదిలే చిన్న పెట్టెను రేడియోసాండ్ అంటారు. పైకి పోయేకొద్దీ గాలి పీడనం, ఉష్ణోగ్రత, తేమ కొలిచి, రేడియో సంకేతాలుగా నేలమీదికి పంపుతుంది. ఇరవై అయిదు ముప్పై కిలోమీటర్ల ఎత్తున బెలూను పగిలిపోతుంది. పెట్టె ఎక్కడో అడవిలోనో సముద్రంలోనో పడుతుంది. దాన్ని వెనక్కి పిలిచి సరిచూసే వీలులేదు. వదిలేముందు చేసిన తనిఖీయే ఆఖరి తనిఖీ. పూనాలో వెంకటేశ్వరన్ బృందం రూపొందించిన రేడియోసాండులో ఒక చిన్న ఫ్యాను ఉండేది. పెట్టె పైకి లేస్తున్నప్పుడు తగిలే గాలికి అది తిరిగి, ఒక కొలత తరువాత మరొక కొలతను రేడియోకు అందించేది. మోటారు అవసరం లేకపోవడంతో బ్యాటరీ బరువు తగ్గింది. మన నెత్తిన పదహారు పదిహేడు కిలోమీటర్ల ఎత్తున చలి సున్నాకు దిగువ 80 డిగ్రీల వరకు ఉంటుంది. ఆ చలిలో మామూలు బ్యాటరీ చచ్చుబడిపోతుంది. అందుకని నీళ్ళలో ముంచితే మేల్కొని, తన వేడితో తానే వెచ్చగా ఉండే బ్యాటరీలు రేడియోసాండ్లకు వాడుకలోకి వచ్చాయి.

1957–58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం సందర్భంగా దేశంలో సూర్యరశ్మిని కొలిచే కేంద్రాల వ్యవస్థను అన్నా మణి నెలకొల్పారు. తరువాతి కాలంలో మన విశాఖపట్నం కూడా ఆ వరుసలో చేరింది. అన్ని కేంద్రాల పరికరాలూ ఒకే ప్రమాణంతో సరిపోల్చబడాలన్నది ఆమె పట్టుదల. ఒక ఊరి తక్కెడ ఇంకో ఊరి తక్కెడతో సరిపడకపోతే రెండూ పనికిరానట్టే కదా.

విక్రమ్ సారాభాయ్ కోరికపై తుంబా రాకెట్ కేంద్రంలో వాతావరణ పరిశీలన కేంద్రాన్ని, పరికరాలు అమర్చిన గోపురాన్ని ఆమె ఏర్పాటు చేశారు. అక్కడినుంచి మొదటి రాకెట్ 1963 నవంబరు 21న లేచింది. ఆ చిన్న రాకెట్లకు దారి సరిదిద్దుకొనే యంత్రాంగం ఉండదు. గాలి ఎటు ఎంత వేగంతో వీస్తోందో చూసి ప్రయోగకోణం సరిచేయాలి. ఆ కొలత తప్పితే రాకెట్ ఎక్కడ పడుతుందో చెప్పలేము. చుట్టూ బెస్తవారి పల్లెలు ఉన్న చోట అది ఎంత బాధ్యతో ఊహించుకోవచ్చు.

అదే దశకంలో ఓజోన్ వాయువును ఆకాశంలోనే కొలిచి రేడియో ద్వారా తెలిపే బెలూను పరికరాన్ని స్వదేశంలో తయారు చేయించారు. 1985లో అంటార్కిటికాపై ఓజోన్ క్షీణత వెల్లడై ప్రపంచం ఉలిక్కిపడిన నాటికి, మన దేశం చేతిలో సొంత పరికరం సిద్ధంగా ఉంది. 1969లో ఢిల్లీకి బదిలీ అయి, 1976లో డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా పదవీ విరమణ చేశారు.

విరమణ తరువాత

మనలో చాలామందికి రిటైర్మెంటు అంటే సన్మానం, దండ, శాలువా, చేతిగడియారం. అన్నా మణికి అది రెండో సర్వీసుకు నాంది. బెంగళూరులో రామన్ పరిశోధన సంస్థలో చేరి, దేశంలో ఏ ఊళ్ళో ఏ నెలలో ఎంత ఎండ కాస్తుందో పట్టికలు కట్టారు. 1980లో ఒక గ్రంథం, ఆ వెంటనే మరొకటి వెలువడ్డాయి. అంకెలతో నిండిన ఆ పుస్తకాలు చదవడానికి చప్పగా ఉంటాయి. కాని వాటి విలువ తెలియాలంటే దివిసీమను తలచుకోవాలి.

ఆమె రిటైరైన మరుసటి ఏడాదే, 1977 నవంబరు 19న, ఉప్పెన వచ్చి దివిసీమలో వేలమంది ప్రాణాలు కోల్పోయారు. తుపానులో మొదట కూలేవి కరెంటు స్తంభాలు, టెలిఫోను తీగలు. సమాచారం అత్యవసరమైన గడియలోనే నోరు పడిపోతుంది. మారుమూల కేంద్రానికి సొంత కరెంటు, సొంత రేడియో ఉండాలన్నది అందుకే. 1980 దశకంలో ఇన్‌శాట్ ఉపగ్రహాలు వచ్చాక, మనిషి లేకుండానే కొలతలు తీసి ఉపగ్రహానికి పంపే కేంద్రాలను వాతావరణ శాఖ నెలకొల్పింది. వీటికి సౌరఫలకం, బ్యాటరీయే ఆధారం.

ఆ ఏర్పాటు మన పెన్షను సంసారం లాంటిదే. ఎండకాసే రోజుల రాబడితో మబ్బు రోజులు గడపాలి. మే నెల ఎండను చూసి ఫలకం పరిమాణం నిర్ణయిస్తే శ్రావణంలో యంత్రం మూగబోతుంది. ఏడాదిలో అతి తక్కువ ఎండ ఉన్న నెలకు సరిపోయేంత ఫలకం కావాలి. ఉదాహరణకు ఒక కేంద్రం రోజుకు 3 ఆంపియర్-గంటలు వాడుతుందనుకొందాం. పది రోజులు సూర్యుడు కనబడకపోయినా నడవాలంటే 30 కావాలి. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తగ్గుతుంది కనుక 60 పెట్టుకోవాలి. యంత్రం ఎక్కువసేపు నిద్రపోతూ, వేళకు లేచి, కొలత తీసుకొని, క్షణాలలో కబురు పంపి మళ్ళీ పడుకుంటుంది. ఫలకం దక్షిణ దిక్కుకు ఉండాలి. విజయవాడ వంటి చోట సుమారు 16 డిగ్రీల వాలు ఇస్తే ఏడాది పొడవునా మంచి రాబడి, పైగా వానకు దుమ్ము కొట్టుకుపోతుంది. ఇంత లెక్కకూ మూలం, ఆ ఊళ్ళో ఆ నెలలో ఎంత ఎండ కాస్తుందన్న ఒక్క అంకె. ఆ అంకెలను దేశానికి పట్టికలుగా సమకూర్చి ఇచ్చింది ఆమె.

ఆ తరువాత ఆమె దృష్టి గాలిమీదికి మళ్ళింది. గాలి వివరాలపై మూలేతో కలిసి 1983లో గ్రంథం ప్రచురించారు. అంతటితో ఆగక, గాలిమరలకు అనువైన చోట్లు కనిపెట్టే దేశవ్యాప్త సర్వేకు నాయకత్వం వహించారు. విమానాశ్రయాల వద్ద, పట్టణాలలో తీసిన కొలతలు ఇందుకు చాలవు. కొండకొమ్ములపై, కనుమల నోళ్ళలో స్తంభాలు నిలబెట్టి, గిన్నెలు తిరిగే గాలిమాపకాలను అమర్చి, ఏడాదికి తక్కువ కాకుండా నమోదు చేయాలి. పదిరోజుల గాలి చూసి కోట్లు పెట్టుబడి పెట్టలేరు. ఆనాటి మన అనంతపురం జిల్లాలోని రామగిరి, తిరుమల కొండలు ఇలా కొలిచిన చోట్లలోనివే. తరువాత ఆ రెండుచోట్లా గాలిమరలు వెలిశాయి. గాలివేగాన్ని, ఎండను కొలిచే పరికరాలు తయారుచేసే చిన్న కర్మాగారాన్ని కూడా బెంగళూరులో స్థాపించారు. అరవై దాటిన వయసులో ఇవన్నీ చేశారన్నది మనం మరువరాదు.

1987లో ఆమెకు కె.ఆర్. రామనాథన్ పతకం లభించింది. ఆమె వివాహం చేసుకోలేదు. ప్రకృతి, పుస్తకాలు, సంగీతం ఆమెకు తోడు. 1994లో పక్షవాతం వచ్చి కదలలేని స్థితి ఏర్పడింది. 2001 ఆగస్టు 16న, 83వ పుట్టినరోజుకు వారం ముందు, తిరువనంతపురంలో కన్నుమూశారు. 2022 ఆగస్టు 23న ఆమె జయంతికి గూగుల్ తన మొదటి పుటపై ఆమె బొమ్మ వేసింది. చాలామంది యువతీయువకులు ఆమె పేరు ఆరోజే మొదటిసారి విన్నారు.

నేడు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ మండలాల స్థాయిలో స్వయంచాలిత వాతావరణ కేంద్రాలు ఉన్నాయి. కంచె మధ్య తెల్లని స్తంభం, పైన తిరిగే గిన్నెలు, పక్కన నల్లని సౌరఫలకం కనబడితే అదే. అక్కడ గుమాస్తా ఉండడు, అంచనాగా అంకె వేసే చేయీ ఉండదు. కాని ఫలకంపై దుమ్ము పేరుకొన్నా, పక్కన నాటిన చెట్టు పెరిగి నీడ పడినా, ఎవరైనా బ్యాటరీ ఎత్తుకుపోయినా ఆ యంత్రం కూడా అబద్ధమాడుతుంది, లేదా మౌనం వహిస్తుంది. ఉదయపు నడకకు వెళ్ళే మిత్రులు ఆ కంచెకు ఎవరూ గేదెను కట్టకుండా, బట్టలు ఆరవేయకుండా చూస్తే, ఫలకం మసకబారితే సంబంధిత కార్యాలయానికి ఒక కార్డు ముక్క రాస్తే, అన్నా మణికి అంతకు మించిన నివాళి ఉండదని నా మనవి.