బెంజమిన్ టిల్గ్‌మన్

కరీంనగరము ప్రాంతమున కురిక్యాల యను గ్రామము కలదు. ఆ గ్రామము చెంతనున్న బొమ్మలగుట్టపై పదియవ శతాబ్దమున జినవల్లభుడు వేయించిన శాసనము నేటికిని నిలిచియున్నది. అందలి తెలుగు కందపద్యములు ఉలితో ఒక్కొక్క అక్షరముగా మలచబడినవి. వేయి సంవత్సరములు మన శిల్పులు నమ్ముకొన్న పనిముట్టు ఉలియే. నేడు అదే కరీంనగరపు గ్రానైటు రాయి రైలుబండ్లపై కాకినాడ రేవునకును, అచ్చటినుండి దూరదేశములకును పోవుచున్నది. అట్టి కఠినశిలలపై ఉలి లేకుండ, గాలి వేగముతో ఇసుకను చిమ్మి అక్షరములు చెక్కు ఉపాయము లోకమంతట వ్యాపించినది. ఆ ఉపాయమును కనిపెట్టిన మహనీయుడే బెంజమిన్ చ్యూ టిల్గ్‌మన్.

టిల్గ్‌మన్ 1821వ సంవత్సరమున అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున జన్మించెను. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున 1839లో పట్టము పుచ్చుకొని, పిమ్మట న్యాయశాస్త్రమును చదివెను. కాని ఆయన మనస్సు వ్యాజ్యములపై నిలువలేదు. తమ్ముడు రిచర్డు గొప్ప రసాయన శాస్త్రజ్ఞుడు. సోదరులిరువురును కలిసి ప్రయోగములు చేయుచు ఐరోపా దేశములలో సంచరించిరి.

1857లో పారిస్ నగరమున టిల్గ్‌మన్ ఒక వింతను గమనించెను. గంధకపు ఆమ్లద్రవమును నింపిన కొయ్య తొట్లలో, ఆ ద్రవము తగిలినచోట కొయ్య మెత్తబడి నారలు విడిపోవుచుండెను. ఇతరులు తొట్టి పాడైనదని విసుగుకొని యుందురు. ఆయన మాత్రము ఆ సంగతిని మనస్సున దాచుకొనెను.

ఇంతలో 1861లో అమెరికాలో అంతర్యుద్ధము చెలరేగెను. టిల్గ్‌మన్ సైన్యమున చేరి 26వ పెన్సిల్వేనియా పదాతిదళమునకు కర్నలు అయ్యెను. 1863 మే నెలలో ఛాన్సెలర్స్‌విల్ యుద్ధమున గాయపడెను. ఆపై ఇంట కూర్చుండినను ఆయనను తప్పుపట్టువారు లేరు. అయినను ఆయన నల్లజాతి సైనికులతో ఏర్పడిన 3వ పటాలమునకు నాయకత్వము వహించెను. అట్టి పటాలములను నడపు అధికారులు పట్టుబడినచో మరణశిక్షకు గురి కావలెనని దక్షిణ రాష్ట్రముల శాసనసభ తీర్మానించిన దినములవి. స్వేచ్ఛకై పోరాడువారి ముందు నిలుచుటకు ఆయన ఆ భయమును లెక్కచేయలేదు. యుద్ధాంతమున ఆయనకు గౌరవ బ్రిగేడియరు జనరలు పదవి లభించెను.

శాంతి నెలకొన్న పిదప కొయ్య తొట్టి సంగతి మరల జ్ఞప్తికి వచ్చెను. కలపను గంధకద్రవములో ఒత్తిడితో ఉడికించి కాగితపు గుజ్జు చేయు విధానమునకు 1867లో అమెరికాలో పేటెంటు పొందెను. గుజ్జు మేలుగా వచ్చెను. కాని సీసపు రేకు తొడిగిన ఇనుప పాత్రలు వేడికి నిలువక కారుచుండెను. ఎంత ధనము వెచ్చించినను లోపము తీరక, ఆయన ఆ పనిని విడువవలసి వచ్చెను. 1874లో స్వీడన్ దేశపు ఎక్‌మన్ అదే మార్గమున జయము గాంచెను. మన కాగజ్‌నగరు మిల్లు అడవి వెదురును, కలపను కాగితముగా మార్చినదన్నచో, వాడిన ద్రవము వేరైనను, మూలసూత్రము ఇదియే: నారలను అంటిపట్టుకొనియున్న జిగురును కరగించుట.

ఓటమితో టిల్గ్‌మన్ క్రుంగిపోలేదు. గాలికి ఎగురు ఇసుక కిటికీ అద్దములను గరుకు చేయుట చూచి ఆయనకు క్రొత్త ఆలోచన తోచెనని చెప్పుదురు. ఆవిరి ధారలోనికి సన్నని గొట్టము ద్వారా ఇసుకను జారవిడిచి, ఆ ధారను కఠిన వస్తువులపై ప్రసరింపజేసెను. 1870 అక్టోబరులో దీనికి పేటెంటు లభించెను. వజ్రము తరువాత మిక్కిలి కఠినమని పేరొందిన కురువిందమున, చదరపు అంగుళమునకు 300 పౌనుల ఒత్తిడిగల ఆవిరితో, అంగుళమున్నర మందమును 25 నిమిషములలో తొలిచి చూపెను. ఇసుక కురువిందముకన్న మెత్తనిది. వేగమే దానికి బలమయ్యెను. ఇంకొక చిత్రము: రాతిని తొలుచు ఆ ఇసుక, సాగు గుణముగల రబ్బరును తాకి వెనుకకు గంతులిడును. కనుక అట్టి వస్తువును కత్తిరించి అద్దముపై పరచినచో క్రిందిభాగము చెక్కుచెదరక, తక్కిన భాగమే గరుకగును.

1873 తరువాత అమెరికా ప్రభుత్వము యుద్ధమున మరణించిన సైనికుల సమాధులకు రాళ్లు వేయించినప్పుడు, వర్మాంటు రాష్ట్రపు చలువరాళ్లపై వేలకొలది పేర్లు ఈ విధానముననే చెక్కబడెను. తాను ఏ సైన్యమున పోరాడెనో ఆ సైన్యపు వీరుల పేర్లను ఆయన కనిపెట్టిన ఇసుక ధారయే రాతిపై నిలిపెను.

తరువాత ఆవిరికి బదులు అదిమిన గాలిని వాడు పద్ధతి ప్రబలెను. నేడు ఇంటి పెరటిలో చిన్న పని పెట్టుకొన్నవారుకూడ ఇట్టి యంత్రమును వాడుచున్నారు. ఇసుక చిమ్ము యంత్రము మూసుకొనిపోవుటకు కారణములు రెండే ముఖ్యములు: తేమ, పెద్ద రవ్వ. గాలిని అదిమినప్పుడు వేడెక్కును. అది చల్లారినప్పుడు అందలి తేమ నీరగును. శ్రావణ భాద్రపదములలో ఈ బాధ అధికము. తడిసిన పొడి ముద్దకట్టి పాత్ర మెడలో నిలిచినచో గొట్టము కొననుండి గాలి మాత్రమే వచ్చును. గాలికూడ రానిచో కొనలో గులకరాయి చిక్కినదని గ్రహింపవలెను. ధార ఆగి ఆగి వచ్చినచో పొడి ఎక్కువగా దిగుచున్నదన్నమాట. ఏది సరిచేయవలెనన్నను ముందు గాలిని ఆపి, పాత్రలోని ఒత్తిడిని పూర్తిగా వదలి, ముల్లు సున్నను చూపిన పిమ్మటనే మూత విప్పవలెను. కొనను విప్పి తీగతో వెనుకకు త్రోసి, పొడిని జల్లించి ఎండబెట్టి, గాలి తొట్టిలోని నీటిని తీసివేసినచో యంత్రము మరల నడచును. సుత్తితో బాదుటయు, కొనలోనికి కన్ను పెట్టి చూచుటయు ప్రాణాపాయములు. ఇది పెద్దలు చేయదగిన పని.

యంత్రమున చిక్కిన ఇసుక కనబడును గాని, ఊపిరితిత్తులలో చిక్కిన ధూళి కనబడదు. ఇసుక పగిలినప్పుడు లేచు సన్నని ధూళిని ఏండ్ల తరబడి పీల్చిన పనివారు సిలికోసిస్ అను వ్యాధికి లోనై ఆయాసముతో కృశించిరి. ఇందుకు మందు లేదు, జాగ్రత్తయే మందు. అందుచేత 1949లో బ్రిటన్ దేశము ఈ యంత్రములలో పోతపోసిన లోహపు వస్తువులను శుభ్రపరచుటకు ఇసుకను వాడరాదని శాసించెను. రవ్వలుగా చేసిన గట్టి ఇనుమును టిల్గ్‌మన్ తానే పూర్వము ప్రవేశపెట్టియుండెను. ఇసుకకు బదులు అట్టి రవ్వలు ఎందరి ప్రాణములనో కాపాడెను.

టిల్గ్‌మన్ 1901లో పరమపదించెను. కారిన పాత్ర ముందు ఆయన ఓడెను, ఎగిరిన ఇసుక ముందు గెలిచెను. రెండు వేళలయందును ఆయన చేసినది ఒక్కటే: కోపింపక, ఏది ఎందుకు జరుగుచున్నదో చూచుట. బాలలారా! పని ఆగినచోట బలము చూపువారు పెక్కురు. కారణమును వెదకువారే కార్యసాధకులు. ఆ వెదకుటలో పనిచేయువాని ఊపిరినికూడ మరువనివారే ఉత్తములు.