ఆచార్య జగదీశ చంద్ర బోసు

శంషాబాదు పరిసరముల వారికి విమానధ్వని నిత్యపరిచితము. 2008 మార్చిలో ఇచ్చట విమానాశ్రయము వెలసినది మొదలు, మబ్బు క్రమ్మి నేల కానరాని వేళలందును విమానములు త్రోవ తప్పక దిగుచున్నవి. కంటికి కానరాని విద్యుత్తరంగములే వానికి మార్గదర్శకములు. అట్టి తరంగములను తొలినాళ్లలోనే సాధించిన భారతీయుని చరిత్రము మన పాఠకులు తెలిసికొనదగినది.

జగదీశ చంద్ర బోసుగారు 1858 నవంబరు 30వ తేదీన వంగదేశమున జన్మించిరి. తండ్రి భగవాన్ చంద్రగారు ప్రభుత్వోద్యోగి యయ్యును, కుమారుని ముందుగా ఆంగ్ల పాఠశాలకు పంపక, మాతృభాష నేర్పు పల్లెబడిలో చేర్చిరి. అచ్చట జాలరుల బిడ్డలు, సేవకుల బిడ్డలు ఆయన సహాధ్యాయులు.

కేంబ్రిడ్జిలో విద్య ముగించి, 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యులైరి. ఆంగ్లేయులకన్న తక్కువ వేతనము నిర్ణయింపగా, మూడేండ్లు పైస ముట్టక బోధించిరి. తుదకు ప్రభుత్వమే తలయొగ్గి బకాయితో సహా పూర్తి వేతనము చెల్లించెను. ఆ సొమ్ము తండ్రి ఋణములకు జమయయ్యెను. లెక్కలు వ్రాయు మాబోంట్లకు ఇంతకన్న నిర్మలమగు పద్దు కానరాదు.

హెర్ట్జు పండితుడు వాడిన తరంగములు దీర్ఘములు. బోసుగారు వానిని అయిదు మిల్లీమీటర్ల వరకు హ్రస్వము చేసిరి. గోడల నుండి పోనిచ్చి దూరమున గంట మ్రోగించిరి. చెదరు తరంగములను కూడగట్టుటకు గ్రాహకయంత్రము ముందు లోహపు గరాటు నమర్చిరి. నేటి హార్న్ యాంటెన్నాకు అది పూర్వరూపము.

దాని విలువ యెట్టిదో 1948లో అమెరికా గణితజ్ఞుడు క్లాడ్ షానన్ రచించిన సమాచార సిద్ధాంతమువలన తేటపడును. ఎంత వార్త యెంత వేగముగా తప్పులేక చేరగలదను హద్దు, తరంగపథము వెడల్పును, సంకేతమునకును రొదకును గల నిష్పత్తిని అనుసరించియుండును. తిరునాళ్ల కోలాహలమున చెవికి దోసిలి యొగ్గినవానికి ఎదుటివాని మాట తెలియునట్లే, గరాటు తానెదుర్కొను దిక్కునుండి వచ్చు సంకేతమును హెచ్చించి, తక్కిన దిక్కుల రొదను తగ్గించును. నేటి యాంటెన్నా నిర్మాతలు ఈ లెక్కనే పాటించుచున్నారు.

1904లో అమెరికాలో గ్రాహకమునకు పేటెంటు లభించినను బోసుగారు దానివలన ధనమార్జింపలేదు. 1909లో నిస్తంత్రీ వార్తాప్రసారమునకై నోబెల్ బహుమానము మార్కోనీ, బ్రౌన్ గారలకు దక్కెను. బోసుగారు చింతింపక వృక్షముల స్పందనమును పరిశోధించి, 1917లో కలకత్తాలో విజ్ఞానమందిరము స్థాపించిరి. 1937 నవంబరు 23న గిరిడిలో పరమపదించిరి.

విద్య దాచుకొను సొత్తు కాదు, పంచిపెట్టు సొత్తు. ఇరువదియైదేండ్లుగా మన గ్రంథాలయము చేయుచున్నదియు ఆ పనియే.