మువ్వగోపాలుని పదకర్త క్షేత్రయ్య



జీర్ణోద్ధరణ, కుంభాభిషేక మహోత్సవాల సందర్భంగా వెలువడుతున్న ఈ సంచికలో శృంగార పదకర్త జీవితానికి చోటెందుకని మీలో కొందరికి సందేహం కలుగవచ్చు. ఆ సందేహం సహజమైనదే. అన్నమయ్య, త్యాగయ్య, రామదాసుల పేర్లు చెప్పినంత నిస్సంకోచంగా మనం క్షేత్రయ్య పేరు చెప్పము. ఆయన పదాలలో మాట్లాడేది సాధారణంగా స్త్రీ. ఆమె ఒకచోట ఇల్లాలు, ఒకచోట పరకీయ, అనేక చోట్ల వేశ్య. ఆమె చేత మాటలు పడుతూ వాకిట నిలిచేవాడు సాక్షాత్తు మువ్వగోపాలుడు.

క్షేత్రయ్య పదిహేడవ శతాబ్దమునకు చెందినవాడు. అసలు పేరు వరదయ్య అని ప్రతీతి. కృష్ణా జిల్లాలోని మువ్వ ఆయన స్వగ్రామమని ఆంధ్రుల విశ్వాసము. నేడు మొవ్వగా పిలువబడే ఆ గ్రామంలో వేణుగోపాలస్వామి ఆలయమున్నది. కూచిపూడి దానికి సమీపంలోనే ఉన్నది. తమిళదేశములోని మువ్వనల్లూరే ఆయన ఊరని వాదించిన పండితులూ లేకపోలేదు. గాజువాకలో స్థిరపడిన కృష్ణాతీరము వారి ముందు ఆ వాదము ఎత్తకుండుట మేలు!

ఇక మోహనాంగి కథ. మీలో పెద్దలు వినియే ఉంటారు. యౌవనమున వరదయ్య మువ్వగోపాలుని కొలువులో నాట్యమాడే మోహనాంగి అనే దేవదాసిపై మనసుపడ్డాడట. విద్యావతియైన ఆమె అతనిని తేలికగా తిరస్కరించక, స్వామిపై పదములు రచింపగల ప్రజ్ఞ సంపాదించుకొని రమ్మన్నదట. ఆ మాటతో అతడు గోపాలుని సన్నిధిని ఆశ్రయించి, అనుగ్రహము పొంది, కవియైనాడట. తిరిగి వచ్చేసరికి కోరిక రూపు మారిపోయింది. ప్రియురాలిపై పుట్టిన తపన స్వామివైపు మరలింది. అటుపై క్షేత్రములు సేవిస్తూ తిరిగినందున క్షేత్రయ్య అనే పేరు స్థిరపడిందని చెబుతారు. ఈ కథ చెప్పేవారిని బట్టి మారుతూ వచ్చింది. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు నటించిన ‘మహాకవి క్షేత్రయ్య’ చిత్రము ద్వారా క్షేత్రయ్య పేరు తెలుగునాట ఇంటింటా వినబడింది.

నవలకు ఇంతకంటే అనువైన కథ దొరకదు. కాని పాఠకులారా, ఒక్క విషయము గమనింపుడు. క్షేత్రయ్య తనను గురించి తాను చెప్పుకొన్న పదము ఒకటున్నది. దానిని మేరువ పదమని సంగీతజ్ఞులు వ్యవహరిస్తారు. అందులో మోహనాంగి లేదు. ప్రేమకథ లేదు. ఉన్నది లెక్క! మధుర తిరుమలేంద్రునికి రెండువేల పదాలు, తంజావూరు విజయరాఘవునికి వేయి, గోలకొండ పాదుషాకు నలుబది దినములలో వేయిన్నీ ఐదు వందలు. రాజుల పేర్లను బట్టి చూస్తే తిరుమల నాయకుడు 1623 నుండి 1659 వరకు మధురను ఏలినవాడు. అబ్దుల్లా కుతుబ్ షా 1626 నుండి 1672 వరకు గోలకొండను ఏలినవాడు. నేడు మనకు దక్కినవి నాలుగు వందలకు లోపే. అనగా ఆయన చెప్పిన నాలుగువేల ఐదు వందలలో పదింట ఒక వంతైనా మిగలలేదు.

అట్లని మోహనాంగిని కట్టుకథ యని తీసివేయుటకు నాకు మనసొప్పదు. ఆమె పేరు నిజమో కాదో గాని, అటువంటి స్త్రీలు నిజము. పదాలు తెరచి చూడండి. చెలికత్తెను రాయబారము పంపే విరహిణి, రాత్రి ఎక్కడో గడిపి తెల్లవారి వచ్చిన స్వామిని నిలదీసే ఖండిత, ముందు సొమ్ము తెమ్మని నిష్కర్షగా పలికే వారకాంత, వీరందరి మనసు లోపలి నుండి తెలిసినవాడే అట్లు వ్రాయగలడు. నాయికా భేదాలను భానుదత్తుని ‘రసమంజరి’ వంటి శాస్త్రగ్రంథాలు వర్గీకరించాయి. ఆ మూసలలో ప్రాణము పోసినది మాత్రము ఆ స్త్రీల వాడుకమాట. అది దూరము నుండి చూచి నేర్చుకొనదగినది కాదు.

ఆ పదాలను కాపాడినదీ వారే. ముఖారి, ఆనందభైరవి, కాంభోజి వంటి రాగాలలో, విలంబకాలములో, తరచుగా అనుపల్లవితోనే ఎత్తుకొని పాడుతూ, ఒక్కొక్క పంక్తికి పదివిధాల అభినయము పట్టుతూ తల్లి నుండి కూతురికి అందించారు. మనకు సమీపమున ఉన్న సింహాచల క్షేత్రములోని నాట్యమండపము, అప్పన్న సన్నిధిలోనూ నృత్యసేవ జరిగిన కాలమును గుర్తుచేస్తుంది.

ఆ సేవకు చీకటి పార్శ్వము కూడా ఉన్నది. పసిపిల్లలను గుడికి అంకితము చేయుట అన్యాయమే. 1947లో మద్రాసు శాసనసభ దేవదాసీ సమర్పణను నిషేధించినపుడు నాటి విశాఖపట్టణం జిల్లాకూ అది వర్తించింది. చట్టము న్యాయమైనది. కాని చట్టముతో పాటు సమాజము మరొక పని చేసింది. ఆ స్త్రీలను అవమానించి, వారి విద్యను కూడా మైలపడినదిగా చూచింది. పదము పాడుట సిగ్గుమాలిన పనియైపోయింది. నాట్యము కొత్త వేదికలెక్కింది గాని, దానిని కాచిన ఇళ్ళ వాకిళ్ళు మూతపడ్డాయి.

ఆ దినములలోనే చెన్నపట్నములో వీణ ధనమ్మాళ్ (1867–1938) కుటుంబము పదాలను విడువలేదు. మాతృభాష తెలుగు కాకున్నా మన పదాలను ప్రాణపదముగా చూచుకొన్నారు. ఆమె మనుమరాలు బాలసరస్వతి (1918–1984) నిలిచిన చోటు కదలకుండా, కన్నుల చేతనే క్షేత్రయ్య నాయికను చూపి దేశవిదేశాలలో ప్రేక్షకులను మెప్పించింది. మరొక మనుమరాలు టి. బృంద ఆ పదాలను శిష్యులకు ఓపికగా నేర్పింది. తెలుగునాట విస్సా అప్పారావుగారు వాటిని సేకరించి గ్రంథముగా ప్రచురించారు. 1994లో ఎ.కె. రామానుజన్, వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలసి కొన్ని పదాలను ఆంగ్లములోనికి తెచ్చారు.

ఆ పదము మన మండపములో వినబడినపుడు, చివర వచ్చే మువ్వగోపాలుని పేరు కొరకు వేచి ఉండండి. నాయిక అంతసేపు దెప్పిన ఆ నాయకుడు అప్పుడు గాని తన పేరుతో బయటపడడు.